మధ్యాహ్నం రెండు గంటల వంతు

బర్మాలో ఒక ఊరు ఊరంతటికీ ఇంగ్లీషు నేర్పిన మనిషిని నేను. మూడువందల మంది. నది ఒడ్డున వెదురు పందిరి కింద చంటిపిల్లల తల్లులు, తలగుడ్డలు చుట్టుకున్న ముసలివాళ్ళు, బడి పంతుళ్ళు, ఆఖరికి ఊరి పోలీసులు కూడా పలకలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. నేనొక వాక్యం అంటే మూడువందల గొంతులూ ఒక్కసారిగా తిరిగి అనేవి. ఆ మోతకు అవతలి గట్టున కొంగలు గుంపుగా లేచిపోయేవి. తిరుగు ప్రయాణం నాడు రేవు దగ్గర జనం నా పెట్టె లాక్కుని, పోనివ్వం అని ఏడ్చారు.

రాయపురంలో మా తెలుగు సంఘంలో ఎనిమిదేళ్ళుగా ఈ సంగతి చెబుతూ వచ్చాను. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలకని కొంత సమయం ఇస్తారు. దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. నేను లేవని ఆదివారాలు తక్కువ. తొలి ఏడాది నా విద్యార్థులు అరవై మంది. రెండో ఏటికి నూట యాభై. పోలీసులు మూడో ఏట వచ్చి చేరారు. కొంగలు నిరుడే వచ్చాయి.

అసలు ఉన్నది పదకొండు మంది. వానలు పట్టాక నలుగురు మిగిలారు. వాళ్ళలో ఇద్దరు మా పందిరి కారదని వచ్చి కూర్చునేవారు. రేవులో నన్నెవరూ ఆపలేదు. అసలు నేను ఆ రేవు వైపు పోనే లేదు. వెనక దారిన, బురదలో చెప్పులు చేతపట్టుకుని బస్సెక్కాను. ఎందుకలా వెళ్ళానో రాద్దామని ఇప్పుడు కూర్చున్నాను.

మాది తొండియార్‌పేట. హార్బరులో ముప్పై ఆరేళ్ళు టైపిస్టుగా చేశాను. ఓడల కాగితాలు కొట్టీ కొట్టీ వచ్చిన ఇంగ్లీషు నాది. మా నాయనమ్మ పెద్ద యుద్ధం రోజుల్లో బర్మా నుంచి నడిచి వచ్చిన మనిషి. ఆ దేశం పేరు ఎత్తితే చాలు, కాళ్ళు నొక్కుకునేది. నేను రిటైరై ఇంట్లో గోడలు చూస్తున్న రోజుల్లో, అక్కడ ఒక చిన్న ప్రార్థన మందిరం వాళ్ళు మా సంఘానికి కబురు పెట్టారు. ఇంగ్లీషు చెబుతామంటే జనం వస్తారు, దాంతోపాటు నాలుగు దేవుని వాక్యపు మాటలు చెవిన వేయవచ్చు, మనిషిని పంపండి అని. ఎవరు వెళతారని పాస్టరయ్యగారు అడిగితే చెయ్యెత్తాను. మా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. రెండో చెయ్యి ఎత్తాను.

"నాకు జరమొస్తేనే గడప అవతల నిలబడుకోని మాట్లాడతారు," అంది ఇంటికొచ్చాక. "మీరు ఊరుగాని ఊర్లో సేవ చేస్తారా?"

"సేవ వేరు, జ్వరం వేరు," అన్నాను. ఆ మాట ఎంత దూరం వెంటాడుతుందో అప్పుడు తెలియదు.

ఆ పదకొండు మందిలో నిజంగా నేర్చుకున్నవాడు ఒక్కడే. పడవవాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మనుషుల్ని, మేకల్ని, మోటారు సైకిళ్ళను దాటించేవాడు. నలభై దాటిన మనిషి. తాంబూలంతో ఎర్రబారిన పళ్ళు. బడికి వెళ్ళే కూతురు ఇంగ్లీషు పాఠం చదువుతూ, నాన్నకు ఒక్క ముక్క రాదని నవ్విందట. ఆ నవ్వు మాన్పించడానికి వచ్చాడు. ప్రభువు కోసం రాలేదు. ఈ చివరి సంగతి మా సంఘానికి నేనెప్పుడూ రాయలేదు.

నేనేదంటే అది అనేవాడు. అర క్షణం ఆగి, నా యాసతోనే. పాఠమేదో, పాఠం కానిదేదో అతనికి తేడా లేదు. నేను దగ్గితే దగ్గేవాడు. దోమ కుట్టి నేను "అబ్బా, పీక్కుతింటన్నాయి గదరా" అని గొణిగితే దాన్నీ అప్పజెప్పేవాడు, అచ్చం తొండియార్‌పేట వాడిలాగా. మిగతావాళ్ళు పడి నవ్వేవారు. అతను మాత్రం నవ్వకుండా నోటుబుక్కులో రాసుకునేవాడు.

నెలకొకసారి నేను మా సంఘానికి ప్రార్థన ఉత్తరం రాసి, ఫోన్లో ఫోటో తీసి పంపాలి. పని ఎలా సాగుతోందో, ఎవరి కోసం ప్రార్థించాలో అందులో రాయాలి. పాస్టరయ్యగారు దాన్ని ఆదివారం పైకి చదువుతారు. వానాకాలం నడుమ ఒక నెల రాయడానికి ఏమీ లేదు. నలుగురే వస్తున్నారని రాస్తే పరువు పోతుంది. అప్పుడే పడవవాడు రెండు రోజులు రాలేదు. అవతలి గట్టున జ్వరాలని విన్నాను. పెన్ను దానంతటదే సాగింది. "నా ప్రియ శిష్యుడు చావు బతుకుల మధ్య ఉన్నాడు" అని రాశాను. అప్పటికి నేనతన్ని చూడనే లేదు.

ఆ ఉత్తరం విని మా వాళ్ళు గొలుసు ప్రార్థన పెట్టారు. ఒక పగలూ రాత్రీ కలిపి ఇరవైనాలుగు గంటలు. గంటకొకరు చొప్పున ఎవరింట్లో వాళ్ళు మోకాళ్ళ మీద ఉండాలి. తన గంట ముగియగానే తర్వాతి వాళ్ళకు ఫోన్ చేసి "నాది అయింది, మీది మొదలు" అని చెప్పాలి. ఎక్కడా తెగకూడదు. పేర్లు, గంటలు రాసి మందిరం తలుపుకు అంటిస్తారు.

అక్కడ బర్మాలో, పడవవాడి భార్య తనే పడవ తోసుకుంటూ వచ్చింది. వానకు తడిసి ముద్దై ఉంది. మందిరం కావలిమనిషి ఆమె మాట వచ్చీరాని ఇంగ్లీషులో నాకు చెప్పాడు. అతనికి ఒళ్ళు కాలిపోతోంది, టీచరు కావాలంటున్నాడు, ఒక్కసారి రండి. నేను నది వైపు చూశాను. ఆ గట్టు నుంచి వచ్చే గాలిలోనే జ్వరం ఉందనిపించింది.

"ఐ విల్ కం టుమారో," అన్నాను. కావలిమనిషి చేత ఆమె భాషలో చెప్పించవలసింది. భయంలో నేరుగా ఆమెతోనే ఇంగ్లీషులో అనేశాను.

ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ మొగుడు ఇంట్లో రోజూ వల్లించడం విన్న మనిషి. నా నోటి వైపే చూస్తూ, అర క్షణం ఆగి, ఆ మాటనే మెల్లగా అంది. ఇంకోసారి అంది. నిండు బిందెను తొణక్కుండా మోసుకుపోయేవాళ్ళలా ఆ వాక్యాన్ని నోట్లో పెట్టుకుని పెదవులు కదుపుతూ పడవ దాకా నడిచింది. మధ్య నదిలో కూడా ఆమె పెదవులు కదులుతూనే ఉండి ఉంటాయి.

మర్నాడు నేను వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. కాలు బెణికిందని కావలిమనిషితో చెప్పి, అతను చూసేటప్పుడు మాత్రం కుంటాను. ఏ కాలో ఒకసారి మరిచిపోయాను కూడా. కిటికీలోంచి చూస్తే అవతలి గట్టున పడవ కట్టేసి ఉండేది. నాలుగు రోజులూ అలాగే ఉంది. నాకు నిజంగా తెలిసింది అంతే.

ఐదో రోజు పాస్టరయ్యగారి ఫోన్.

"అన్నా, గొలుసు ప్రార్థన బాగా జరిగింది. ఆ సహోదరుడు ఎట్టున్నాడు? సంఘానికి చెప్పాల గదా. బాగయ్యుంటే ఒక ఫోటో పంపండి, ఫోన్లో రెండు ముక్కలు సాక్ష్యం చెప్పించండి."

తెలియదు అంటే వెళ్ళలేదని తేలిపోతుంది. బాగున్నాడంటే సాక్ష్యం కావాలి. అది కావాలంటే నది దాటాలి. చనిపోయినవాడిని సాక్ష్యం చెప్పమని మా సంఘంలో ఎవరూ అడగరు.

"పోయాడయ్యగారూ," అన్నాను.

"అయ్యో ప్రభువా," అన్నారు ఆయన. తర్వాత, "మీరు పక్కనే ఉన్నారా అన్నా?"

"చెయ్యి పట్టుకునే ఉన్నాను."

"ఏమన్నా అన్నాడా?"

"థాంక్యూ టీచర్ అన్నాడు."

ఆయన ఏడ్చారు. నేనూ ఏడ్చాను, నిజంగానే. చెప్పగానే నాకు కనిపించింది. ఆ చెయ్యి, ఆ చాప, తలాపున కూతురి నోటుబుక్కు. ఇప్పటికీ కనిపిస్తుంది. కనిపించనిది ఒక్కటే, అతను నిజంగా పోయాడో లేదో.

కాలి నెపంతో తరగతి మూసేసి, ఎవరినీ ఏమీ అడక్కుండా, రెండు వారాలకే షుగరు పెరిగిందని చెప్పి ఇల్లు చేరాను. తరగతి ఫోటోలో అతని ముఖం ఒక్కటీ పెద్దది చేయించి, సౌకార్‌పేటలో ఫ్రేము కట్టించి తెచ్చాను. మందిరం గోడకు తగిలించారు. కింద "ప్రభువునందు నిద్రించినవాడు" అని రాయించారు. ఏటా అదే నెలలో ఒక ఆదివారం అతనికి స్మారకం. ప్రసంగం నాదే.

చనిపోయినవాళ్ళు వెంటపడతారని జనం అంటారు. ఇతను చనిపోయాడో లేదో నాకే తెలియదు, అయినా వచ్చాడు. చీకట్లో కాదు, ఎర్రటి ఎండలో, మధ్యాహ్నం అన్నం తిన్నాక. కంటైనరు లారీలు వీధి చివర వరసకట్టి ఆగిపోయి, హారన్లు కూడా అలిసిపోయే వేళ. నేను దగ్గుతాను. లోపలి గదిలో దగ్గు. మా ఆవిడేలే అనుకుంటాను. కాసేపటికి ఆవిడ కూరల సంచితో వీధిలోంచి వస్తుంది. బ్యాంకు వాళ్ళు ఫోన్ చేస్తే ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగిపోతాను. "హలో, సార్, లైన్లో ఉన్నారా?" అంటారు. వాళ్ళ కోసం కాదు నేను ఆగింది. నా వెనక మరొకరు ఆ వాక్యం పూర్తిచేసేదాకా ఆగుతాను.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉంది. రాయపురం రేవులో నలభై ఏళ్ళు చేపలమ్మిన మనిషి. అందరికీ అక్కే. ఆమె ఎప్పుడూ చివరి వరసలో కూర్చునేది. ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం, రొట్టె తట్ట తిరిగే ముందు లేచి బయటికి పోయేది. చేపల వాసనని మొహమాటపడుతోందని అనుకునేవాళ్ళం. ఈ ఏడు ఆమెకు కాళ్ళు పడిపోయాయి. మందిరానికి రాలేని వాళ్ళకు రొట్టె, ద్రాక్షరసం ఇంటికే తీసుకువెళ్ళడం మా అలవాటు. పాస్టరయ్యగారి వెంట తట్ట పట్టుకుని నేను వెళ్ళాను.

"నాకొద్దయ్యగారూ," అంది అక్క. "పక్కింటామెకియ్యండి, పావం ఎదురుజూస్తా ఉంది."

ఆయన పక్కింటికి వెళ్ళారు. నేను లేవబోతే నా మణికట్టు పట్టుకుంది.

"తమ్ముడా, నీకు మటుకు చెప్తా. నువ్వు ఆయన చెయ్యి పట్టుకున్నోడివి గదా. ఆ పడవాయన్ని చంపింది నేను."

"ఏమంటున్నావక్కా?"

"గొలుసులో నా వంతు మద్యానం రెండింటికి. తెల్లారకముందే లేసి చేపల ఏలం కాడికి పోయొచ్చినాను ఆ పొద్దు. మోకాళ్ళేసినాను, మంచానికి తల ఆనిచ్చినాను, అంతే. లేసి చూస్తే నాలుగున్నర. తర్వాతామెకి ఫోనే జేయలా. ఈడ, నా కాడ తెగింది. ఆదివారం అయ్యగారు ఆయన పాయెనని చెప్పినారు. ఇంక ఏం మొగం బెట్టుకోని ఆ రొట్టె తీసుకుందును?"

ఎనిమిదేళ్ళు. ప్రతి స్మారకానికీ నేను ముందు నిలబడి చెయ్యి పట్టుకున్న కథ చెబుతుంటే, ఆమె చివరి వరసలో కూర్చుని అది వింది.

ఒక్క మాట చాలు ఆ నిమిషంలో. పక్కింట్లో పాస్టరయ్యగారు పాట ఎత్తుకున్నారు. నేను గొంతు సవరించుకుని, "అంతా దేవుడి చిత్తం అక్కా," అన్నాను. నా అబద్ధాలన్నిట్లో నీచమైనది ఇదే. ఇందులో ఒక్క అంకె కూడా పెంచలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు.

"నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"చెయ్యి పట్టుకున్నానని అన్నారే, ఆ పొద్దు నుంచి."

"మరి అడగలేదే?"

"అడిగితే ఇంకోటి చెప్తారు." చేట పక్కన పెట్టింది. "అక్క తర్వాత వంతు నాది. ఫోన్ రాలేదు. వస్తుందిలే అని ఒరిగినాను, నేనూ నిద్రపోయినాను. ఆ గొలుసులో సగం మంది నిద్రపోయుంటారు. ఒప్పుకున్నది ఆమె ఒక్కతే. పోయి చెప్పి రండి."

వెంటనే వెళ్ళానని రాయాలని ఉంది. మూడు నెలలు పట్టింది. ముందు అతను బతికే ఉన్నాడని తెలుసుకుని, ఆ కబురు చేత్తో పట్టుకుని వెళదామనుకున్నాను. మందిరం ఫోన్ మోగదు. ఇప్పుడు అక్కడ గొడవలు. ఆ ఊళ్ళో ఎవరు మిగిలారో, ఎవరు ఎటు పోయారో చెప్పేవాళ్ళు లేరు. ఉత్త చేతులతోనే వెళ్ళాను.

అక్క గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని నెత్తళ్ళు, ఆ చిన్న చేపలు, కత్తితో కోసి కడుగుతోంది. కాళ్ళు చచ్చుబడ్డా చేతులు ఊరుకోవు ఆమెకు. ఎదురుగా మెట్టు మీద కూర్చుని అంతా చెప్పాను. జ్వరం పెంచి రాసింది, కుంటింది, నది దాటనిది. చెయ్యి పట్టుకోలేదని చెప్పేటప్పుడు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె కత్తి ఆపింది. "ఇప్పుడున్నాడా?"

"తెలియదక్కా."

"అప్పుడు పాయినాడా?"

"అదీ తెలియదు."

"ఉన్నాడో లేడో తెలీనోడికి ఏమని ప్రార్థన జేసేది?" అంది. నన్నడగలేదు. చేపల గిన్నెలోకి చూస్తూ అంది. "రెండింటికి దినామూ కూసుంటన్నాను తమ్ముడా. ఎనిమిదేండ్లు. ఆయన పెండ్లాం కోసం, బిడ్డ కోసం. తండ్రి లేని బిడ్డ అని."

"నీ నిద్రకూ అతని చావుకూ సంబంధం లేదక్కా. నువ్వేం చెయ్యలేదు."

"నేను నిద్రపోయింది నిజమే గదా. దాన్ని గూడా నువ్వే తీసేసుకుంటావా?"

ఆ తర్వాత ఆమె కళ్ళ నుంచి ధారగా నీళ్ళు కారాయి. తడి చెయ్యి నా తల మీద పెట్టి, "పోనీలే తమ్ముడా, నిన్ను క్షమించినాను," అంది. మరుసటి ఆదివారం ఆటోలో మందిరానికి వచ్చింది. నేను సంఘం ముందు నిలబడి చెప్పవలసింది చెప్పాను. గోడ మీది ఫోటో కింద రాతకు తెల్లకాగితం అంటించారు. ఫోటో మాత్రం ఉండనివ్వమంది అక్క. అతను ఇప్పుడు ఏ రాతా లేకుండా మమ్మల్ని చూస్తున్నాడు, ఎవరైనా ఏదైనా అంటే తిరిగి అందామన్నట్టు. రొట్టె తిరిగే వేళ అక్క బయటికి పోతాననలేదు. నేను తట్ట చాపాను. ఎనిమిదేళ్ళ తర్వాత, నా చేతిలోంచి ఆమె రొట్టె తీసుకుంది.

ఇంతవరకు రాసి, నిన్న వెళ్ళి అక్కకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. గోడ గడియారంలో రెండు కావస్తోందేమోనని చూస్తూనే వింది.

"అయిందా?"

"అయిందక్కా. ఎట్లుంది?"

"నేనెప్పుడు ఏడిసినాను? తల మీద చెయ్యి బెట్టినానా? నెత్తళ్ళు కడిగిన నీళ్ళు నీ మొగాన కొట్టినాను. చొక్కా పిండుకుంటా పోయినావు. చుమ్మా, ఊరికే, క్షమించినాను, క్షమించినాను అని రాసుకోబోకు. నేను ఆ మాట అన్లా. రొట్టె తీసుకున్నది మటుకు నిజం. నీ చేత్తో గాదు. నీ తట్ట పక్కకి నెట్టి, అయ్యగారిని పిలిచి, ఆయన చేత్తో తీసుకున్నాను. మందిరమంతా చూసింది. అట్ట రాయి. ఇంక లెయ్, నా వంతు టైమయింది."